ఇన్‌స్పెక్టరుకి నాలుగు మేజోళ్ళు

సోఫాలు కుట్టే పెద్దాయన మాటల్ని మేకుల్లా వాడేవాడు. నోట్లో గుప్పెడు పెట్టుకుని, అవసరం పడినప్పుడు ఒక్కటి తీసేవాడు. పని చేసేటప్పుడు నోట్లో నిజంగానే మేకులుండేవి. పని లేనప్పుడు కూడా ఉన్నట్టే కూర్చునేవాడు.

అలాంటి మనిషి ఒకరోజు భోజనాల దగ్గర గొంతు సవరించుకున్నాడు. కొడుకు, కోడలు, భార్య ముగ్గురూ తినడం ఆపి చూశారు.

"సెలవులకి పిల్లని ఇక్కడ ఉంచండి" అన్నాడు.

పిల్ల అంటే మనవరాలు. ఆరేళ్ళది. దానికి నెల రోజులు సెలవులు. ఆ నెలా దాన్ని పక్కన కూర్చోబెట్టుకోవాలనీ, స్పాంజి ముక్కలతో దానికి బొమ్మల మంచాలు చెయ్యాలనీ ఆయన ఆశ. ఏడాదిగా కడుపులో పెట్టుకుని, ఆ రోజుకి బయటపెట్టాడు.

కోడలు గదంతా ఒకసారి కలయజూసింది. ఆవిడది ఒక ఫ్యాక్టరీలో ప్రమాదాలు జరక్కుండా చూసే ఉద్యోగం. ఆ ఉద్యోగం ఇంటికొచ్చినా ఆవిణ్ణి వదిలేది కాదు. అత్తగారింటికి వస్తే ముందు నేల చూసేది, తరవాత గోడకున్న ప్లగ్గులు చూసేది, ఆ తరవాతే "బాగున్నారా మామయ్యగారూ?" అనేది. కింద కొట్టు, పైన ఇల్లు. కొట్లో మేకులు, కత్తెరలు, వంకర సూదులు, విరిగిన స్ప్రింగులు. ఆవిడకి అది కొట్టులా కనిపించేది కాదు, ఇంకా జరగని ప్రమాదంలా కనిపించేది.

"మామయ్యగారూ, ఒక పని చేద్దాం. గురువారం నుంచి ఆదివారం దాకా మేం ఊళ్ళో ఉండం. కుక్కని మీ దగ్గర వదిలిపెడతాం. అది వెళ్ళింది వెళ్ళినట్టు నాకు తిరిగొస్తే పిల్ల సంగతి అప్పుడు మాట్లాడదాం."

"అంటే పరీక్షా?" అంది అత్తగారు.

"పరీక్షని కాదత్తయ్యా. చూద్దామని."

కొడుకు కంచంలోకి చూసుకున్నాడు. ఆ ఇంట్లో మగవాళ్ళందరికీ ఆ విద్య వచ్చు.

పెద్దాయన తల ఊపాడు. కుక్కే కదా అనుకున్నాడు.

*

కుక్క పేరు ఇన్‌స్పెక్టరు. పేరు పెట్టింది మనవరాలే. పొట్టి కాళ్ళు, నేలని ఊడ్చే చెవులు, గోధుమ రంగు ఒళ్ళు. ఎక్కడికి వెళ్ళినా మూల మూలా వాసన చూసి, అంతా తప్పుగానే ఉందన్నట్టు నిట్టూర్చేది. గురువారం పొద్దున్న కొట్లోకి వచ్చి ప్రతి సోఫానీ తనిఖీ చేసింది. ఆఖరికి ఒక పాత కుర్చీ ఎక్కి పడుకుంది. ఆ కుర్చీ పెద్దాయన స్వయంగా కుట్టింది. దానితో ఆయనకి ఇన్‌స్పెక్టరు మీద గౌరవం పుట్టింది.

సాయంత్రం కుక్కని తిప్పుకురావాలి. కోడలు ఇచ్చిన తాడు మెత్తగా, నున్నగా, నీలం రంగులో ఉంది. పెద్దాయన దాన్ని రెండు చేతుల్తో లాగి చూసి ముఖం చిట్లించాడు.

"ఇది రిబ్బను" అన్నాడు.

"కుక్కకి కట్టేదండీ అది. ఏనుగుకి కాదు" అంది భార్య.

ఆయన వినలేదు. బజారులో కొన్న ఏ వస్తువు గట్టితనం మీదా ఆయనకి నమ్మకం లేదు. అటక మీంచి గోనె పట్టీ చుట్ట దించాడు. సోఫా అడుగున అటూ ఇటూ అల్లి, పైన స్ప్రింగులు నిలబెట్టే పట్టీ అది. నాలుగు వేళ్ళ వెడల్పు. ముట్టుకుంటే గరుకు గరుకుగా ఉంటుంది.

"దీని మీద లారీ డ్రైవర్లు కూర్చున్నారు" అని, కావలసినంత కత్తిరించి, కొస మడిచి కుట్టి, ఇన్‌స్పెక్టరు మెడపట్టీకి తగిలించాడు.

వీధి చివర బేకరీ ఉంది. బేకరీ మెట్ల మీద పిల్లి ఉంది. అది ఎప్పుడూ ఉండే పిల్లే, కానీ ఇన్‌స్పెక్టరుకి కొత్త కేసు. ఒక్క ఉరుకు ఉరికింది. పిల్లి దీపస్తంభం చుట్టూ తిరిగింది, ఇన్‌స్పెక్టరు పిల్లి చుట్టూ తిరిగింది, పట్టీ అందరి చుట్టూ తిరిగింది. ఒక మెలిక కుక్క వెనక కాలికి పడింది. అది అటు లాగింది, ఈయన ఇటు లాగాడు. పట్టీ జర్రున ఒరుసుకుంటూ పోయింది.

పట్టీ తెగలేదు. తెగినా బాగుండేది.

ఇన్‌స్పెక్టరు కుయ్యోమని మూలిగి కూలబడింది. ఎడమ వెనక కాలికి, మడమ పైన, సబ్బు బిళ్ళంత మేర బొచ్చు లేచిపోయి నిప్పు తగిలినట్టు ఎర్రగా చెమ్మతేలింది. పెద్దాయన అరచెయ్యి కూడా అలాగే మండుతోంది, కానీ ఆయన దాన్ని చూసుకోలేదు. ఆయన కళ్ళ ముందు కోడలు నిలబడింది, ఆవిడ పక్కన మనవరాలు, మనవరాలి చేతిలో సర్దిన పెట్టె. పెట్టె వెనక్కి వెళ్ళిపోతోంది.

కుక్కని ఎత్తుకుని కొట్లోకి పరిగెత్తాడు. ఆయన పరిగెత్తడం ఆ వీధి ఎప్పుడూ చూడలేదు. చూడాలని అందరూ వెనకే వచ్చారు.

*

"టూత్‌పేస్టు పెట్టు! చల్లగా లాగేస్తుంది" అన్నాడు పక్క కొట్లో పటాలకి ఫ్రేములు కట్టే ఆయన. అప్పటికే ట్యూబు తెచ్చేశాడు.

"టూత్‌పేస్టు పళ్ళకి కదయ్యా. కాలినదానికి వెన్న" అన్నాడు బేకరీ ఆయన. ఆయన చేతిలో గిన్నె.

"మీ ఇద్దరూ తప్పుకోండి. ఐసు" అంది ఇస్త్రీ కొట్టావిడ. "రోజూ కాల్చుకునేదాన్ని, నాకు తెలీదా?"

ఇన్‌స్పెక్టరు ముగ్గురినీ చూసి, వెన్న గిన్నె వైపు మెడ చాచింది.

పెద్దాయన ట్యూబు అందుకుని మూత తిప్పుతున్నాడు. ఇంతలో భార్య ఫోను చెవికి పెట్టుకుని మెట్లు దిగి వచ్చింది.

"ఎవరూ ఏమీ పుయ్యకండి! డాక్టరమ్మ లైన్లో ఉంది."

ఆవిడ పశువుల డాక్టరు. పెద్దావిడ ఫోను స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచింది.

"ఎక్కడ కాలిందండీ? పొయ్యి దగ్గరా?" అని అడిగింది డాక్టరమ్మ.

"పొయ్యి కాదమ్మా. మా ఆయన దగ్గర. గోనె పట్టీ కాలికి చుట్టుకుని ఒరుసుకుపోయింది."

"రాపిడితో తోలు లేచినా కాలినట్టే లెక్క. ముందు టాపు కింద పెట్టండి. చల్లటి నీళ్ళు, సన్నటి ధార, పది నిమిషాలు. ఐసు మాత్రం పెట్టద్దు."

ఇస్త్రీ ఆవిడ చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"టూత్‌పేస్టు పుయ్యద్దు."

ఫ్రేముల ఆయన ట్యూబు లాక్కుని జేబులో పడేసుకున్నాడు.

"వెన్నా నూనే అసలే వద్దు. వేడి లోపలే ఉండిపోతుంది, పైగా అది నాకుతుంది."

"నేను రొట్టె కోసం తెచ్చుకున్నాను" అన్నాడు బేకరీ ఆయన ఫోనుతో. తరవాత గొంతు తగ్గించి, "ఈవిడకి మనం కనిపిస్తున్నామా ఏమిటి?" అన్నాడు.

"మనుషుల నొప్పి బిళ్ళలు కూడా ఇవ్వకండి. కుక్కలకి విషం. కడిగాక ఫోటో పంపండి."

"డాక్టరమ్మా, మా ఆయన చెయ్యి కూడా ఒలుచుకుపోయింది."

"ఆయన నా పేషెంటు కాదండీ." అని, మళ్ళీ "టాపు దగ్గర చోటుంటే ఆయన్నీ పెట్టమనండి" అంది.

చోటుంది. కుక్క కాలు, మనిషి చెయ్యి ఒకే ధార కింద పది నిమిషాలు ఉన్నాయి. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకోలేదు. ఇద్దరికీ అవమానంగానే ఉంది.

ఫోటో చూసి డాక్టరమ్మ దెబ్బ పైపైనే తగిలిందని చెప్పింది. ఉప్పు కలిపి కాచి చల్లార్చిన నీళ్ళతో కడగమంది. రుద్దకుండా అద్దమంది. అంటుకోని పల్చటి గుడ్డ వదులుగా కట్టమంది. బిగిస్తే వేళ్ళు వాస్తాయంది. రోజూ విప్పి, కాసేపు గాలికి వదిలి, కొత్తది కట్టమంది. నాకనివ్వద్దంది. చీము గాని, వాసన గాని వస్తే ఆ క్షణమే తీసుకురమ్మంది.

"ఇప్పుడు కోడలికి ఫోను చెయ్యండి" అంది భార్య.

"ఆదివారానికి మానిపోతుంది."

"మానకపోతే?"

నోట్లో మేకులున్న మనిషిలా ఊరుకున్నాడు.

*

ఆ రాత్రి కోడలు వీడియోలో ఫోను చేసింది. "ఇన్‌స్పెక్టరు ఏం చేస్తున్నాడు?"

"పడుకుంది."

"చూపించండి."

పెద్దాయన కుక్క ముఖానికి ఫోను ఎంత దగ్గరగా పెట్టాడంటే, కోడలికి ఒక ముక్కు రంధ్రం మాత్రమే కనిపించింది. అది ఆరోగ్యంగానే ఉంది.

"తాతయ్యా, నీ దగ్గరికి రావడానికి పెట్టె సర్ది వెంట తెచ్చేసుకున్నాను!" అని వెనకనుంచి మనవరాలి గొంతు వినిపించింది. "అన్నీ కాదు, బొమ్మలే!"

ఆయన ఫోను భార్య చేతిలో పెట్టేశాడు.

శుక్రవారం కట్టు విప్పి చూశాడు. ఎరుపు తగ్గింది, బొచ్చు మాత్రం రాలేదు. వస్తుందా ఒక్కరోజులో! ఆదివారానికి కూడా రాదని అప్పటికి ఆయనకి తెలిసిపోయింది. ఇంక ఆయనకి తెలిసిన దారి ఒక్కటే. సోఫా చిరిగితే ఏం చేస్తారు? పైన గుడ్డ వేస్తారు. మంచి గుడ్డ వేసి, అంచు కుట్టి, బొత్తాలు పెడితే లోపల ఏముందో కుట్టినవాడికి తప్ప ఎవరికీ తెలీదు. జీవితమంతా ఆయన చేసిందదే, జనం మెచ్చుకున్నదీ దాన్నే.

ఒక హోటలు సోఫాలకి వాడగా మిగిలిన ఎర్ర వెల్వెట్టు ముక్క ఉంది. దాన్ని పరిచి, కుక్క కాలు కొలిచి, ఒక మేజోడు కత్తిరించాడు. గాలాడేట్టు వదులుగా, కింద తోలు అట్ట, పైన సాగే పట్టీ, పక్కన రెండు బొత్తాలు. తొడిగి, వెనక్కి జరిగి చూశాడు. ఒక్క కాలికి ఉంటే దెబ్బని దండోరా వేసినట్టుంది. మిగతా మూడు కాళ్ళకీ కుట్టాడు. ఇప్పుడు అది దెబ్బ కాదు, ముస్తాబు.

నాకకుండా మెడకి కూడా ఏదో వెయ్యాలి. డాక్టరమ్మ ప్లాస్టిక్కు గంప లాంటిది కొనమంది. కొనడమేమిటి, ఇంట్లో స్పాంజి పెట్టుకుని! మెడ చుట్టూ మందపాటి చక్రం చేసి, అదే వెల్వెట్టు తొడిగి, అంచుకి బంగారు రంగు తాడు కుట్టి, గుండ్రంగా గుంటలు పడేట్టు బొత్తాలు బిగించాడు.

భార్య వచ్చి చాలాసేపు చూసింది.

"బాగుందండీ. పక్కల రెండు చేతులు పెట్టండి, వచ్చినవాళ్ళు కూర్చుంటారు."

ఇన్‌స్పెక్టరు గంభీరంగా నాలుగడుగులు నడిచింది. మేజోళ్ళ మీద దానికి ఫిర్యాదేమీ ఉన్నట్టు లేదు. వీధి వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చూసిపోయారు. బేకరీ ఆయన అయితే కూర్చున్నవాడల్లా, నిజం ఇన్‌స్పెక్టరు వచ్చినట్టు లేచి నిలబడ్డాడు. రోజూ సాయంత్రం పెద్దాయన ఎడమ కాలి మేజోడు విప్పి, కడిగి, గాలికి వదిలి, కట్టు మార్చి, మళ్ళీ బొత్తాలు పెట్టేవాడు. అంతసేపూ కుక్క ఆయన తొడ మీద తల పెట్టుకుని కదిలేది కాదు.

"దానికి చేసిన సేవలో సగం నిజం చెప్పడానికి చేస్తే ఈపాటికి అయిపోయేది" అంది భార్య.

*

ఆదివారం మధ్యాహ్నం కారు వచ్చి ఆగింది. కోడలు దిగి, అలవాటు ప్రకారం ముందు నేల చూసింది. నేల మీద ఎర్ర వెల్వెట్టులో ఇన్‌స్పెక్టరు నిలబడి ఉంది.

పెద్దాయన తుడిచిన కత్తెరనే మళ్ళీ తుడుస్తున్నాడు.

"అయ్యబాబోయ్!" అంది కోడలు. రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది. "మామయ్యగారూ! ఇది మీరు కుట్టారా? బొత్తాలు కూడానా! ఏమండీ, ఇలా వచ్చి చూడండి!"

కొడుకు వచ్చి చూసి, తండ్రి ముఖం చూసి, నేలకేసి చూసుకున్నాడు. ఆ ముఖం అతనికి చిన్నప్పటినుంచీ తెలుసు.

కోడలు కుక్కని నిలబెట్టి, కూర్చోబెట్టి, పక్కకి తిప్పి ఫోటోలు తీసింది. ఆఫీసు వాళ్ళకి పంపింది. ఫోను టింగు టింగుమంటూనే ఉంది. తమ కుక్కలకీ కావాలని ముగ్గురు అడిగారట. "నాలుగు రోజుల్లో దాన్ని ఇంత శ్రద్ధగా చూసుకున్నారంటే, నేనే మిమ్మల్ని తప్పుగా అనుకున్నాను మామయ్యగారూ. పిల్ల ఇక్కడే ఉంటుంది. నెలంతా. నాకు బెంగ లేదు."

మనవరాలు గంతులు వేసి పెట్టె కోసం కారు దగ్గరికి పరిగెత్తింది. పెద్దాయన గెలిచాడు. భార్య ఆయన కేసి ఒక చూపు చూసి, గోడ కేసి తిరిగింది.

కోడలు కుక్కని చంకనెత్తుకుంది. "ఈ మేజోళ్ళు ఇంక విప్పనే విప్పను. వచ్చే ఆదివారం మా మేనేజరు గారింట్లో విందు. అప్పటిదాకా ఇలాగే ఉంచుతాను."

వచ్చే ఆదివారం. విప్పకుండా.

పెద్దాయనకి మేజోడు లోపల చెమ్మపట్టిన కట్టు, దాని కింద పచ్చి తోలు, వారం రోజుల ఉక్క కళ్ళకి కట్టాయి. చీము గాని, వాసన గాని అంది డాక్టరమ్మ. గుమ్మం దగ్గర మనవరాలు పెట్టె ఈడుస్తోంది. ఆయన దాన్ని చూశాడు. కుక్కని చూశాడు. కుక్క ఆయన్నే చూస్తోంది, సాయంత్రం కట్టు మార్చే వేళ అయిందన్నట్టు.

"ఎడమ కాలిది రోజూ విప్పాలి" అన్నాడు.

"ఏది?"

"వెనకది."

"ఎందుకు?"

"గాలాడాలి."

"మరి మిగతా మూడూ?"

"వాటికి అక్కర్లేదు."

కోడలు కుక్కని దించింది. ఫ్యాక్టరీలో యంత్రం ఆగిపోయినప్పుడు ఆవిడ ముఖం ఎలా ఉంటుందో ఆ రోజు ఆ ఇంట్లో అందరూ చూశారు. మోకాళ్ళ మీద కూర్చుని మేజోడు బొత్తాలు విప్పబోయింది. ఇన్‌స్పెక్టరు కాలు లాక్కుని, వెళ్ళి పెద్దాయన పాదాల మీద కూర్చుంది. ఆయనే వంగి విప్పాడు. కట్టు తీశాడు. గులాబి రంగులో, శుభ్రంగా, బొచ్చు లేకుండా సబ్బు బిళ్ళంత మేర.

"ఎప్పుడు?"

"గురువారం."

"గురువారం రాత్రి నేను ఫోను చేశాను. ఏమన్నారు?"

"పడుకుంది అన్నాను."

"అబద్ధం చెప్పారా?"

"పడుకునే ఉంది."

"మామయ్యగారూ!"

అప్పుడు ఆయన ఆ ఏడాదికి సరిపడా మాట్లాడాడు. "నువ్విచ్చిన తాడు రిబ్బను అన్నాను. గోనె పట్టీ కట్టాను. తప్పు నాదే. చెప్తే పిల్లని పంపవని చెప్పలేదు. అదీ తప్పే." అని, పెట్టె వెనక్కి వెళ్ళడం చూడకుండా ఉండడానికి కిందకే చూస్తూ కొత్త కట్టు కట్టడం మొదలుపెట్టాడు. వదులుగా, వేళ్ళు వాయకుండా.

కోడలు ఆ కట్టు పూర్తయ్యేదాకా పక్కనించి లేవలేదు. కుక్క కిమ్మనకుండా ఉండడం చూసింది. మామగారి అరచేతిలో అదే గులాబి మచ్చ కూడా చూసింది.

"దెబ్బ తగిలినందుకు కాదు నాకు కోపం" అంది. "దెబ్బలు తగుల్తాయి. నా ఉద్యోగమే అది. దాచారు చూడండీ, దానికి. మా ఫ్యాక్టరీలో చెయ్యి తెగినవాణ్ణి ఏమీ అనను, జేబులో పెట్టుకుని తిరిగేవాణ్ణి మాత్రం ఇంటికి పంపేస్తాను."

"పంపెయ్యి" అన్నాడాయన.

"అత్తయ్యా, చూడండి ఈయన్ని!"

"నేను నలభై ఏళ్ళ నుంచి చూస్తున్నానమ్మా" అంది అత్తగారు.

"వారం" అంది కోడలు. "నెల కాదు. వారం రోజులే పిల్ల ఉంటుంది. నన్ను కట్టు ముట్టుకోనివ్వడం లేదు కాబట్టి కుక్క కూడా ఉంటుంది. షరతు ఏమిటంటే, పిల్లకి ఏం జరిగినా, ఎంత చిన్నదైనా, ఆ నిమిషమే నాకు ఫోను. ఫోను తరవాతే మందు. సరేనా?"

పెద్దాయన తల ఊపాడు.

"తల ఊపడం కాదు. నోటితో."

"సరే."

*

కారు మలుపు తిరిగిందో లేదో కోడలి ఫోను మోగింది.

"పిల్ల గడప తట్టుకుంది."

"అయ్యో! దెబ్బ తగిలిందా?"

"లేదు."

"మరి?"

"ఏం జరిగినా చెప్పమన్నావు."

సోమవారం పొద్దున్న పిల్ల మోకాలు గీరుకుంది. ఎంత మేర అని అడిగింది కోడలు. ఆగమని చెప్పి, సోఫాలు కొలిచే టేపు పెట్టి, "పావు అంగుళం. అడ్డంగా" అన్నాడు. నీళ్ళ ధార కింద ఎంతసేపు పెట్టాడో, ఏ గుడ్డతో అద్దాడో కూడా చెప్పాడు. పదింటికి తుమ్మిందని చేశాడు. తరవాత దోమ కుట్టిందని చేశాడు, కుట్టిన దోమ చచ్చిపోయిందని ఇంకోసారి చేశాడు. కోడలు మేనేజరుతో మీటింగులో ఉండగా పిల్లకి వెక్కిళ్ళు వచ్చాయి. అవి తగ్గేదాకా లైన్లోనే ఉన్నాడు. ఒక్కో వెక్కిలి రాగానే "ఊఁ, ఇంకోటి" అనేవాడు.

బుధవారానికి ఆవిడ ఫోను తీసేటప్పుడు హలో అనడం మానేసి, "ఇప్పుడేమిటి?" అనడం మొదలుపెట్టింది.

"పిల్ల పెన్సిలు చెక్కుకుంటోంది."

"చెక్కుకోనివ్వండి మామయ్యగారూ."

"ముల్లు మొనలా ఉంది."

"వేలు తెగిందా?"

"ఇంకా లేదు."

"ఇంకా ఏమిటండీ!"

"తెగితే చేస్తాను. చెక్కడం అయ్యాక కూడా చేస్తాను."

అవతల ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి ఎవరితోనో ఏదో అంటున్న చప్పుడు. తరవాత కోడలి గొంతు, అలిసిపోయి, నవ్వాపుకుంటూ వచ్చింది. "మామయ్యగారూ, రక్తం, జ్వరం, వాంతి. ఈ మూడింటికే ఫోను. మిగతావి అత్తయ్యకి చెప్పుకోండి."

"వారం అన్నావు కదా. ఆదివారందాకా ఇలాగే చేస్తాను."

"నెల ఉంచుకోండి! నెలంతా ఉంచుకోండి. ఈ ఫోన్లు మాత్రం ఆపండి."

ఆయన ఫోను బల్ల మీద పెట్టాడు. భార్య గుమ్మంలో నిలబడి అంతా వింటోంది.

"కావాలనే చేశారు కదూ?" అంది.

పెద్దాయన గుప్పెడు మేకులు తీసి నోట్లో పెట్టుకున్నాడు.